ఆ పాటలో డ్రమ్స్ ఆలస్యంగా వస్తాయి

మా ఇంట్లో ఇప్పటికీ ఒక ఎం-త్రీ నోట్‌బుక్ ఉంది. ముందు నుంచి తిప్పితే కాంప్లెక్స్ వేరియబుల్స్. వెనక నుంచి తిప్పితే ఇంగ్లిష్ పాటలు, అవి కూడా తెలుగు అక్షరాల్లో! ఒకసారి అమ్మ దాన్ని పాత పేపర్లవాడికి వేయబోతే పరుగెత్తుకెళ్లి లాక్కున్నాను.

"ఆ సబ్జెక్టు పాసైపోయావుగా, ఇంకెందుకురా?" అంది.

పాసైంది ముందు పేజీల్లో ఉన్న సబ్జెక్టు. వెనక పేజీల సబ్జెక్టు ఎనిమిదేళ్లు బ్యాక్‌లాగ్‌గా ఉండిపోయింది. దాని పరీక్ష 2025 మార్చిలో, ముంబయి మహాలక్ష్మి రేస్‌కోర్స్‌లో రాశాను. ఇన్విజిలేటర్ నా రూమ్మేట్ రఘు. ప్రశ్నపత్రం ఇచ్చింది గ్రీన్ డే.

పేరు వినకపోయినా ఫర్వాలేదు. "బోలెవార్డ్ ఆఫ్ బ్రోకెన్ డ్రీమ్స్" అనే పాట ఎక్కడో అక్కడ మీ చెవిన పడే ఉంటుంది. ఏ కాలేజీ ఫెస్ట్‌లోనో, ఏ ఫ్రెండు గిటార్ నేర్చుకుంటూ మిమ్మల్ని చంపుతున్నప్పుడో. ఆ బ్యాండే.

"మైసెల్ఫ్" అన్న పాపానికి

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. టెన్త్ దాకా తెలుగు మీడియం. ఇంటర్ విజయవాడలో చదివినా, అక్కడ మాట్లాడే అవసరం రాలేదు. బట్టీ పట్టడమే తప్ప నోరు తెరిచే టైమ్ ఎవరిచ్చారు? 2014లో హైదరాబాద్ శివార్లలో ఇంజినీరింగ్‌లో చేరాను. మొదటి రోజు క్లాసులో లేచి "మైసెల్ఫ్..." అని మొదలుపెట్టానో లేదో, వెనక బెంచీ నుంచి నవ్వు. ఎవరు నవ్వారో ఇప్పటికీ తెలీదు. కానీ ఆ నవ్వు మాత్రం బాగా గుర్తు. తర్వాత రెండు నెలలు క్లాసులో "ప్రెజెంట్ సార్" తప్ప ఇంకో ఇంగ్లిష్ మాట నా నోటి నుంచి రాలేదు.

హాస్టల్లో నా రూమ్మేట్ రఘు. జనగామ వైపు. వాడికి డ్రమ్స్ పిచ్చి. డ్రమ్స్ లేవు కాబట్టి ఇనుప ట్రంకుపెట్టె, బోర్లించిన బకెట్, మెస్సు ప్లేటు. రాత్రి పదకొండింటికి వాడు మొదలుపెడితే పక్క రూమ్ నుంచి చెప్పులు వచ్చి పడేవి. వాటిని కూడా వరసగా పేర్చి వాయించేవాడు.

ఒక రాత్రి ఇయర్‌ఫోన్లో ఒక చెవి నాకిచ్చాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ పాడే మనిషి గొంతులో ఒక విసుగు ఉంది చూడండి, అది మాత్రం నాకు పూర్తిగా అర్థమైంది. ముక్కుతో పాడుతున్నట్టుగా, ఎవడేమనుకుంటే నాకేంటి అన్నట్టుగా.

"ఏమంటున్నాడురా?" అని అడిగితే రఘు నా ఎం-త్రీ నోట్‌బుక్ లాక్కుని, వెనక పేజీ తెరిచి, పాట మొత్తం తెలుగు అక్షరాల్లో రాసిచ్చాడు. వాడికీ ఇంగ్లిష్ అంతంతమాత్రమే. ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ విని, చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. ఏడాదిన్నరలో ఇరవై రెండు పాటలయ్యాయి. నేను ఇంగ్లిష్ పలకడం నేర్చుకుంది ఏ స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్లోనూ కాదు. ఆ పేజీల్లో.

"నాకు రాదురా" అంటే వాడొకటే మాట అనేవాడు: "ఈల్లకు గూడ మొదట్ల ఏం రాకుండె. మూడు కార్డులు నేర్సుకున్నరు, షురూ జేసిన్రు. పంక్ అంటె గదేరా."

దోసెపిండి దొరికే ఊరికి కాస్త పైన

నిజంగానే పంక్ అంటే అదే. సంగీతం పండితుల సొత్తు కాదు, వచ్చినంతలో వాయించు, అనాలనుకున్నది అను. పాట రెండు మూడు నిమిషాలు. గిటార్ మీద మూడు నాలుగు కార్డులు. మన భజన బృందంలో తాళాలు ఎవరైనా పట్టుకోవచ్చు కదా, అలాంటి తలుపు తీసిన సంగీతం.

గ్రీన్ డే పుట్టింది 1987లో, కాలిఫోర్నియాలోని ఈస్ట్ బేలో. మనవాళ్లు గుంపులుగా ఉండే ఫ్రీమాంట్ ఉంది చూడండి, ఇండియన్ స్టోర్లో దోసెపిండి డబ్బాలు దొరికే ఊరు, అది కూడా ఈస్ట్ బేనే. కాకపోతే వీళ్లది ఇంకా పైన, ఆయిల్ రిఫైనరీ పక్కన ఉండే రోడియో లాంటి చిన్న ఊళ్లు. పాటలు రాసి పాడే బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్ నాన్న ట్రక్కు డ్రైవర్. బిల్లీకి పదేళ్లప్పుడు, 1982 సెప్టెంబర్లో క్యాన్సర్‌తో పోయాడు. బేస్ వాయించే మైక్ డర్ంట్, బిల్లీ చిన్ననాటి దోస్తులు. డర్ంట్ అసలు ఇంటిపేరే కాదు. స్కూల్లో చేతిలో గిటార్ లేకుండానే బేస్ వాయిస్తున్నట్టు నటిస్తూ నోటితో "డర్ంట్ డర్ంట్" అని చప్పుడు చేసేవాడట, అదే పేరైపోయింది. ఈ సంగతి చదివిన రోజు రఘు ఆనందం చూడాలి. ట్రంకుపెట్టె మీద రెండు దెబ్బలేసి "గట్లయితే నా పేరు ఢమఢమ రఘు" అన్నాడు. డ్రమ్మర్ ట్రే కూల్ 1990లో వచ్చి కలిశాడు. ఆ ముగ్గురే ఇప్పటికీ.

రఘుకి అన్నిటికంటే ఇష్టమైంది గిల్‌మన్ కథ. బర్క్‌లీలో 924 గిల్‌మన్ స్ట్రీట్ అని ఒక క్లబ్బు ఉంది. వాలంటీర్లే నడుపుకుంటారు. చిన్నపిల్లలు కూడా రావచ్చు. మందు లేదు, కొట్లాటలు లేవు, ఎవర్నీ కులం రంగు చూసి తక్కువ చేయడం లేదు. గ్రీన్ డే పెరిగిందే అక్కడ. అయితే పెద్ద రికార్డు కంపెనీలతో ఒప్పందం చేసుకున్న బ్యాండ్లకి ఆ స్టేజీ మీద చోటు లేదన్నది అక్కడి రూలు. గ్రీన్ డే పెద్ద కంపెనీకి సంతకం చేసింది. 1994 ఫిబ్రవరిలో "డూకీ" ఆల్బమ్ వచ్చింది, ఒక్క అమెరికాలోనే కోటి కాపీలు దాటి అమ్ముడైంది. సొంత ఇల్లు లాంటి క్లబ్బు తలుపు మాత్రం మూసుకుపోయింది. ప్రపంచమంతా పిలుస్తోంది, మన వీధివాళ్లు మాట్లాడటం లేదు. అదీ పరిస్థితి.

మేం ఫస్టియర్‌లో ఉండగా, 2015 మేలో, ఇరవై ఏళ్లు దాటాక గ్రీన్ డే మళ్లీ ఆ క్లబ్బులో వాయించింది. ఫోన్లో వార్త చదివి రఘు రూమంతా తిరిగాడు. వాడి సొంత మేనమామ, వాడి నాన్న మళ్లీ మాట్లాడుకున్నట్టే సంబరపడ్డాడు.

ఆ రోజు నేను ఎక్కడున్నానంటే

థర్డియర్ ఫెస్ట్. 2017 ఫిబ్రవరి. రఘు నలుగురిని పోగేశాడు. గిటార్‌కి సివిల్ బ్రాంచి జూనియర్ ఒకడు, బేస్‌కి మెకానికల్ సీనియర్, డ్రమ్స్ వాడు. పాడేది నేను. "నీకంటె ఎక్కువ పాటలు ఎవనికి కంఠతా ఉన్నయ్‌రా?" అన్నాడు. పాట "బాస్కెట్ కేస్".

ఈ పాట గురించి ఒక విషయం చెప్పాలి. బిల్లీ జోకి విపరీతమైన ఆందోళన వచ్చేది. ఊపిరాడక, తనకి పిచ్చెక్కుతోందేమో అనుకునేంత. అది పానిక్ డిజార్డర్ అని తర్వాతెప్పుడో డాక్టర్లు చెప్పారు. ఆ భయం మీదే రాసుకున్న పాట ఇది. ఇంకో విషయం, ఈ పాట మొదట్లో డ్రమ్స్ ఉండవు. గిటార్, గొంతు, అంతే. పాడేవాడు ఒంటరిగా మొదలుపెట్టాలి. కాసేపయ్యాకే డ్రమ్స్ వచ్చి కలుస్తాయి. అంటే సింగర్ నోరు తెరవకపోతే డ్రమ్మర్ కర్రలు పట్టుకుని కూర్చోవాల్సిందే.

మీకు అర్థమయ్యే ఉంటుంది.

స్టేజీ ఎక్కడానికి పావుగంట ముందు వాష్‌రూమ్‌కని వెళ్లాను. అద్దంలో చూసుకుంటే చెమటలు. "మైసెల్ఫ్" అన్నప్పటి ఆ నవ్వు చెవుల్లో. ఇప్పుడు ముందున్నది అరవై మంది కాదు, కాలేజీ మొత్తం. ఊపిరి అందలేదు. కాళ్లు వాటంతటవే హాస్టల్ వైపు నడిచాయి. టెర్రస్ మీదకెళ్లి వాటర్ ట్యాంకు వెనక కూర్చున్నాను. భయం మీద రాసిన పాట పాడటానికి భయపడి పారిపోయినవాణ్ని నేనొక్కణ్నే అయ్యుంటాను.

స్పీకర్లు అక్కడికీ వినిపించాయి. మా పేర్లు పిలిచారు. గిటార్ మొదలైంది. గొంతు రాలేదు. ఆగింది. మళ్లీ మొదలైంది. మళ్లీ ఆగింది. ఈలలు, కేకలు, నవ్వులు. ఒక నిమిషం తర్వాత డ్రమ్స్ మొదలయ్యాయి. ఒక్క డ్రమ్సే. పాట లేదు, గిటార్ లేదు. రఘు పాట మొత్తం అలా ఒక్కడే వాయించి దిగాడు.

రెండు రోజులు వేరే బ్రాంచి వాళ్ల రూమ్‌లో పడుకున్నాను. మూడో రోజు వెళితే రఘు ల్యాబ్ రికార్డు రాసుకుంటున్నాడు. తల ఎత్తి "తిన్నవారా?" అన్నాడు. "ఆఁ" అన్నాను. అంతే. ఆ తర్వాత దాని గురించి వాడు అడగలేదు, నేను చెప్పలేదు. ఫైనలియర్‌లో రూములు మారాయి. ట్రంకుపెట్టె చప్పుడు ఆ తర్వాత నేను వినలేదు.

రెండు నీలం టిక్కులు

నాకు క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది. గచ్చిబౌలి, పీజీ హాస్టల్, ప్రొడక్షన్ ఇష్యూలు, మీకు తెలిసిన కథే. రఘు బెంగళూరులో రెండేళ్లు చేశాడు. కరోనా టైమ్‌లో వాళ్ల నాన్నకి ఒంట్లో బాగోక ఇంటికెళ్లి, ఎరువుల షాపు చూసుకుంటూ అక్కడే ఉండిపోయాడు. వాడి పెళ్లికి వెళ్లాను, కవరిచ్చి, ఫొటో దిగి, బస్సెక్కేశాను. మిగతాదంతా వాట్సాప్‌లో పుట్టినరోజు కేకు బొమ్మలే.

2024 సెప్టెంబర్లో ఒక కాల్‌లో మా టీమ్‌లోని ఫ్రీమాంట్ అక్క గొంతు బొంగురుపోయి వినిపించింది. జలుబా అక్కా అంటే, శాన్‌ఫ్రాన్సిస్కోలో గ్రీన్ డే షోకి వెళ్లానంది. డూకీకి ముప్ఫై ఏళ్లు, "అమెరికన్ ఇడియట్" ఆల్బమ్‌కి ఇరవై ఏళ్లు అయ్యాయని ఆ టూర్‌లో రెండు ఆల్బమ్‌లూ పూర్తిగా వాయించారట. "మా అబ్బాయి కోసమని వెళ్లాన్రా, వాడికంటే నేనే ఎక్కువ అరిచాను" అంది. ఆ రోజు స్టాండప్ మీటింగ్‌లో నేనేం చెప్పానో నాకే గుర్తులేదు.

ఆ ఏడాది చివర్లో వార్త వచ్చింది. లొల్లపలూజా ఇండియాకి గ్రీన్ డే వస్తోంది. ఇండియాలో వాళ్లకిదే మొదటి షో. ముందూ వెనకా ఆలోచించకుండా రెండు టికెట్లు కొన్నాను. కొన్నాక గుర్తొచ్చింది, రెండోది ఎవరికోసమో వాడికి చెప్పలేదని.

ఏం రాయాలో తెలియక నోట్‌బుక్ వెనక పేజీ ఫొటో తీసి పంపాను. రెండు నీలం టిక్కులు. నాలుగు గంటలు ఏమీ లేదు. నాకా రోజు ఒక్క లైను కోడ్ కదల్లేదు.

రాత్రి తొమ్మిదికి మెసేజ్: "షాపు ఎవడు సూస్తడురా?"

పది నిమిషాల తర్వాత ఇంకోటి: "మార్చిల గిరాకి తక్కువనే ఉంటది. ఎన్నో తారీఖు?"

ముప్ఫై ఏళ్లు లేటు

నాంపల్లిలో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. రఘు కాస్త లావయ్యాడు. సంచిలో వాళ్లావిడ కట్టిచ్చిన సకినాలు, పులిహోర. వాడి రెండేళ్ల పాప ఫొటోలు చూశాను. యూరియా స్టాకు కష్టాలు విన్నాను. నా హైకు గోల చెప్పాను. వాడి జంక్షన్ దాటింది, షోలాపూర్ దాటింది. అన్నీ మాట్లాడుకున్నాం, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ మా ఇద్దరి మధ్య సీటు మీద సకినాల డబ్బా పక్కనే కూర్చుని ఉంది.

మర్నాడు చర్చ్‌గేట్‌లో లోకల్ ఎక్కి మహాలక్ష్మిలో దిగాం. పక్కనే ధోబీఘాట్, వరసగా ఆరేసిన బట్టలు. రేస్‌కోర్స్ దారి మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు. నల్ల టీషర్టుల వెనక నడిస్తే చాలు. చేతికి బ్యాండు కట్టించుకుని, మధ్యాహ్నం ఎండలోనే స్టేజీకి వీలైనంత దగ్గరగా చేరాం. గంటలు గంటలు నిలబడాలి. ఆ గంటల్లోనే చుట్టూ ఉన్నవాళ్లు చుట్టాలైపోయారు.

మా పక్కన బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయన. నలభై ఆరేళ్లు, నెరిసిన గడ్డం, పక్కన పదిహేనేళ్ల కూతురు. స్కూల్లో ఉండగా వాళ్ల అన్న అమెరికా నుంచి తెచ్చిన డూకీ క్యాసెట్‌తో మొదలైందట. టేపు తెగితే గోళ్ల రంగుతో అతికించి విన్నాడట. "ముప్ఫై ఏళ్లు లేటుగా వచ్చారు, అయినా వచ్చారు" అన్నాడు. కూతురు కళ్లు తిప్పింది, ఈ డైలాగ్ పొద్దుట్నుంచి అందరికీ చెప్తున్నాడని. కానీ ఆ పిల్ల టీషర్టు మీద బొమ్మ తనే చేత్తో పెయింట్ చేసుకుంది.

వెనక షిల్లాంగ్ కుర్రాళ్లు ముగ్గురు. రైలు, మళ్లీ రైలు మారి వచ్చారు. వాళ్ల ఊళ్లో వీధికో బ్యాండు ఉంటుందట. ఒకడి వేళ్లు చూసి రఘు "డ్రమ్మరా?" అని హిందీలో అడిగాడు. అవునన్నాడు. అక్కడి నుంచి వాళ్లిద్దరికీ భాష అవసరం పడలేదు. గాల్లో చేతులు తిప్పుతూ అరగంట మాట్లాడుకున్నారు.

మా తెలుగు విని ముందు వరస నుంచి ఒకమ్మాయి వెనక్కి తిరిగింది. "గుంటూరా మీరు?" "తెనాలండీ." అక్కడే ముంబయిలో మెడిసిన్ పీజీ చేస్తోందట. ఒక్కతే వచ్చింది. డ్యూటీ మార్పించుకోవడానికి ఇద్దరికి నైట్ డ్యూటీలు బాకీ పడింది. ఎంబీబీఎస్ సెకండియర్‌లో ఉండగా వాళ్ల నాన్న పోయారు. అందరూ వచ్చి ధైర్యం చెప్పి వెళ్లిపోయాక, ఎవరో పంపిన లింకులో "వేక్ మీ అప్ వెన్ సెప్టెంబర్ ఎండ్స్" విన్నదట. బిల్లీ జో వాళ్ల నాన్నని తలుచుకుని రాసుకున్న పాట అని అప్పటికి తనకి తెలీదు. "తెలీకుండానే ఏడ్చాను. తెలిశాక ఇంకోసారి ఏడ్చాను. వాళ్ల నాన్న కూడా సెప్టెంబరే, మా నాన్న కూడా సెప్టెంబరే" అంది. తర్వాత నవ్వి, బ్యాగులోంచి గ్లూకోజ్ బిస్కెట్లు తీసి అందరికీ పంచింది.

ఇన్నాళ్లూ నేను ఈ పాటలు ఇయర్‌ఫోన్లో దాక్కుని విన్నాను, అవి నాకొక్కడికే తెలిసిన రహస్యం అన్నట్టు. నా రహస్యం ఇంతమందికి తెలుసని ఆ సాయంత్రం దాకా నాకు తెలీదు.

మూడు నిమిషాలు

లైట్లు ఆరాయి. యాభై దాటిన ముగ్గురు మనుషులు ఇరవై ఏళ్ల కుర్రాళ్లలా స్టేజీ మీదకి వచ్చిపడ్డారు. అమెరికన్ ఇడియట్‌తో మొదలు. ఆ మొదటి గిటార్ దెబ్బకి నేల కదిలింది. ఉత్తమాట కాదు. అన్ని వేల మంది ఒకేసారి ఎగిరితే గుర్రాలు పరుగెత్తే ఆ నేల నిజంగానే అరికాళ్లకి తగిలింది. నా ఎడమ చెప్పు ఆ పాటలోనే పోయింది. మళ్లీ దొరకలేదు.

బెంగళూరాయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, ఏమీ కనిపించకపోయినా పాడుతున్నాడు. ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్న నా చెయ్యిని రఘు కిందకి లాగాడు: "యూట్యూబ్‌ల పెడ్తర్లేరా. గిప్పుడు సూడు." అందుకే నా దగ్గర ఆ రాత్రిది పదకొండు సెకన్ల వీడియో తప్ప ఏమీ లేదు. అందులోనూ ఎవరిదో మోచెయ్యి.

షో సగం దాటింది. ఒక పాట అయిపోయి, ఆ హోరు ఇంకా పూర్తిగా తగ్గకముందే ఒంటరి గిటార్ మొదలైంది. బాస్కెట్ కేస్.

పొట్టలో ఏదో జారినట్టయింది. తెలుసుగా, ఈ పాటలో మొదట గొంతొక్కటే. చుట్టూ అందరూ పాడుతున్నారు. నేను పక్కకి చూశాను. రఘు పాడటం లేదు. రెండు పిడికిళ్లు బిగించి ఛాతీ ముందు పెట్టుకుని, తల కొంచెం వంచి, ఆగి ఉన్నాడు. వాడి వంతు ఇంకా రాలేదు. ఎనిమిదేళ్ల కిందట స్టేజీ మీద వాడు ఎలా కూర్చుని ఉంటాడో నేను చూడలేదు, ట్యాంకు వెనక ఉన్నాను కాబట్టి. ఇప్పుడు చూశాను.

పాడాను. గొంతు చీలిపోయేలా పాడాను. ఎం-త్రీ నోట్‌బుక్‌లో ఎలా ఉందో అలాగే, తెలుగు అక్షరాల్లో, తెనాలి యాసలో, ఒక్క ముక్క వదలకుండా. వాడి చెవి దగ్గరికి జరిగి పాడాను. వాడు నా వైపు చూడలేదు. కళ్లు మూసుకునే ఉన్నాడు. పెదాలు మాత్రం లెక్కపెట్టుకుంటున్నాయి.

డ్రమ్స్ వచ్చే చోటు వచ్చింది. ట్రే కూల్ కర్రలు పడటం, రఘు రెండు పిడికిళ్లు నా భుజం మీద పడటం ఒకేసారి జరిగాయి. పాట అయ్యేదాకా నా భుజమే వాడి ట్రంకుపెట్టె. ఒక్క దెబ్బ తప్పలేదు. షిల్లాంగ్ డ్రమ్మర్ అది చూసి వెనక నుంచి ఈల వేశాడు. నేను ఏడ్చానా అంటే, చెమటా కన్నీళ్లూ కలిసిపోయిన చోట ఆ లెక్క ఎవరు తేలుస్తారు?

చివరికి అందరూ అలసిపోయాక బిల్లీ జో ఒక్కడే గిటార్ పట్టుకుని "గుడ్ రిడెన్స్" పాడాడు. వీడ్కోలు పాట. గుంటూరు అమ్మాయి మా ఇద్దరికీ చెయ్యి ఊపి జనంలో కలిసిపోయింది. నంబర్లు తీసుకోలేదు. ఎందుకో ఆ పని గుర్తే రాలేదు.

ప్లాట్‌ఫామ్ మీద

మహాలక్ష్మి స్టేషన్లో లోకల్ కోసం నిలబడ్డాం. నాకు ఒక కాలికే చెప్పు. చెవుల్లో ఇంకా గుయ్‌మంటోంది. అందుకే కాస్త గట్టిగానే చెప్పాల్సొచ్చింది.

"రఘూ... ఆ రోజు ఫెస్ట్‌లో... సారీ రా."

వాడు పట్టాల వైపు చూస్తూ కాసేపు ఊరుకున్నాడు.

"నువ్వు స్టేజి ఎక్కలేదని కాదురా నాకు కోపం" అన్నాడు. "భయమైతది, అందరికి అయితది. నాకు గాలేదా? చేతులు వణికినయ్. నువ్వు నాకు చెప్పి పోతే అయిపోవు గద. 'మామా, నాతోని గాదు' అని ఒక్క మాట. డ్రమ్స్ నేనే కొడుతుంటి, పాట గూడ నేనే పాడుతుంటి. మూడు రోజులు కనపడలే. ఏమైనవో అని నేను హాస్టల్ బాయి కాడ గూడ సూసొచ్చిన."

హాస్టల్ వెనక ఒక పాత బావి ఉండేది. నాకు నోట మాట రాలేదు. నేను ట్యాంకు వెనక నా పరువు గురించి ఏడుస్తుంటే వాడు నన్ను బావిలో వెతికాడు. వాడు అడిగిన "తిన్నవారా?"కి అర్థం ఇన్నేళ్లకి తెలిసింది.

"మరి అప్పుడే తిట్టొచ్చుగా?"

"తిడితే మల్ల పోతవేమో అనుకున్న."

లోకల్ వస్తున్న చప్పుడు. వాడు నా ఒంటి చెప్పు వైపు చూసి నవ్వాడు. "గిల్‌మన్ క్లబ్బోల్లే ఇరవై ఏండ్లకు తలుపు తీసిన్రు. నీదెంత, ఎనిమిదేండ్లే గద. ఎక్కు."

తిరుగు ప్రయాణంలో నోట్‌బుక్ బయటికి తీశాను, వాడికి చూపిద్దామని. పేజీలు తిప్పుతూ బాస్కెట్ కేస్ దగ్గర ఆగాడు. నా జేబులోంచి పెన్ను లాక్కుని, రెండో చరణంలో ఒక మాట కొట్టేసి, పక్కన ఇంకోటి రాశాడు.

"గిది తప్పు రాసిన్నురా అప్పుడు. నువ్వు గట్లనే పాడినవ్ మొన్న."

"అంత హోరులో నీకెలా వినపడిందిరా?"

"చెవుల పాడితివి గద."

పాసయ్యానా లేదా చివర్లో చెప్తానని వాణ్ని అడిగే మొదలుపెట్టాను ఇది రాయడం. వాడి జవాబు: "పాసే. గ్రేస్ మార్కులతోని."

ఇంతకీ మొన్న ఆదివారం వీడియో కాల్‌లో జనగామ షాపు వెనక గదిలోంచి చప్పుడు వినిపించింది. ఖాళీ డ్రమ్ము ఒకటి బోర్లించి ఉంది. దాని ముందు రఘు కూతురు, రెండు చేతుల్లో రెండు గరిటెలు. చాలా ఘోరంగా వాయిస్తోంది. రఘు ముఖం మాత్రం చూడాల్సిందే.